అద్దం మేస్త్రి నిమ్మచెక్క

అద్దం మేస్త్రి ఎవరింట్లో అడుగుపెట్టినా ముందు మనుషుల్ని చూడడు, నేలని చూస్తాడు. "రండి, కూర్చోండి" అని వాళ్ళు అంటూ ఉండగానే గుమ్మం దగ్గర గొంతుక్కూర్చుని, తల వంచి, చెంప రాయికి ఆనించినంత పని చేసి, కిటికీలోంచి వచ్చే వెలుగు ఎలా పాకుతోందో చూస్తాడు. ఆ వెలుగు ఎక్కడన్నా తడబడిందా, మొహం మాడ్చుకుంటాడు. పాలరాయి నేలలకి మెరుగు పెట్టడం ఆయన వృత్తి. "నేను చేసిన నేలలో మీ మొహం మీకు కనపడకపోతే నన్నడగండి" అని ఇంటివాళ్ళకి మాటివ్వడం అలవాటు కాబట్టి ఆ పేరు వచ్చింది. ఇప్పుడు అసలు పేరు పెట్టి పిలిస్తే, ఎవర్నో పిలుస్తున్నారనుకుని ఆయన కూడా వెనక్కి తిరిగి చూస్తాడు.

ఆ చూపే ఆయన కొంప ముంచింది. పెళ్ళి మాటలకి మొదటిసారి వెళ్ళిన రోజున కాబోయే అత్తగారు తలుపు తీసి నిండుగా నవ్వింది. ఈయన తిరిగి నవ్వి ఉంటే కథ వేరేగా ఉండేది. నవ్వలేదు. వంగాడు, ఒక కన్ను మూశాడు, "నేలంతా అలలు పడిందండీ, ఎవడు చేశాడో గాని మీ కళ్ళు బాగా కప్పి పోయాడు" అన్నాడు. ఆ నేల పరిచింది పోయిన మామగారు. సెలవు రోజుల్లో, సొంత చేతుల్తో, పెళ్ళాం కాఫీ అందిస్తుంటే ఒక్కో పలకా పేర్చుకుంటూ వచ్చాడాయన.

అత్తగారి నవ్వు ఆ గుమ్మంలోనే ఆగిపోయింది. అయినా పెళ్ళయింది, ఆడపిల్ల పుట్టింది, పిల్లని చూసుకోవడానికి ఆవిడ వచ్చి కూతురింట్లోనే ఉండిపోయింది. నవ్వు మాత్రం వెంట తెచ్చుకోలేదు.

ఆవిడ అల్లుడితో ఎదురుగా మాట్లాడదు. అడిగితే మర్యాద అంటుంది. ఆ మర్యాదలో ఎన్ని ముళ్ళున్నాయో గుచ్చుకున్నవాడికే తెలుసు. మొదట్లో ఆవిడ మాటలు మేస్త్రి పెళ్ళాం మోసేది. పిల్లకి మాటలు రాగానే ఆ ఉద్యోగం పిల్లకి బదిలీ అయింది.

"చిట్టీ, మీ నాన్నగారితో చెప్పవే, గుమ్మంలో ఆయనగారి బూట్ల బురద ఎండి రాయైపోయింది. దానిక్కూడా మెరుగు పెడతారేమో కనుక్కో."

"మీ అమ్మమ్మతో చెప్పమ్మా, నా వల్ల మెరుగు కానిది లోకంలో ఒక్కటే ఉంది, అది ఈ ఇంట్లోనే సోఫాలో కూర్చునుంది అని."

ఇద్దరి మధ్యా దూరం మూడు బారలుండదు. ఒకరి మాట ఇంకొకరికి శుభ్రంగా వినపడుతూనే ఉంటుంది. అయినా చిట్టి మధ్యలో పరిగెత్తాల్సిందే, ఎవరి గొంతు వాళ్ళది పెట్టి మరీ అప్పజెప్పాల్సిందే. మేస్త్రి మాట చెప్పేటప్పుడు నడుం మీద చేతులు పెట్టుకునేది, అమ్మమ్మ మాట చెప్పేటప్పుడు మూతి మూడు వంకర్లు తిప్పేది. నాటకం బాగుందని ఇద్దరూ లోలోపల సంతోషించేవాళ్ళేమో, పైకి ఒప్పుకుంటే ఒట్టు.

మేస్త్రికి ఆ ఇంట్లో దక్కిందల్లా పొద్దుటి పూట. పెళ్ళాం బట్టల కంపెనీలో మొదటి షిఫ్టుకి పోయేది. ఆయన సాయంత్రం తల నిండా రాతి పొడితో ఇల్లు చేరేసరికి పిల్ల అమ్మమ్మ ఒళ్ళో సగం నిద్రలో ఉండేది. కాబట్టి కూతురు మొత్తంగా తనది అయ్యేది పళ్ళు తోమే వేళే. స్నానాల గదిలో బకెట్టు బోర్లించి చిట్టిని దాని మీద నిలబెట్టి, తను మోకాళ్ళ మీద కూర్చునేవాడు. నోటినిండా నురగతో ఆ పిల్ల రాత్రి వచ్చిన కలా, బళ్ళో జరిగిన తగవూ చెప్పేది. ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. "ఆహా, అట్లాగా, మరి నువ్వూరుకున్నావా?" అని మేస్త్రి ఊకొట్టేవాడు.

ఊకొడుతూ రుద్దేవాడు. ఆ రుద్దుడు మామూలు రుద్దుడు కాదు. చేతికి తెలిసిన విద్య ఒకటే కదా. రాయికైతే ముందు గరుకు, తర్వాత నునుపు. పళ్ళకీ అంతే. పెద్దలు వాడే గరుకు పళ్ళపొడి, బజార్లో దొరికే వాటిలోకెల్లా గట్టి బ్రష్షు, ఆపైన రంపం కోసినట్టు అడ్డంగా ముందుకీ వెనక్కీ. చిట్టికి పాలపళ్ళు ఊడి ముందుపళ్ళు కొత్తగా వచ్చాక ఆయన ఉత్సాహం ఇంకా పెరిగింది. పాలపళ్ళు పాలలాగే ఉండేవి, ఇవి కొంచెం పసుపుగా కనపడ్డాయి. కొత్తగా వచ్చే పెద్దపళ్ళు పాలపళ్ళ పక్కన అలాగే కనపడతాయని ఆయనకెవరు చెప్పారు? మరక అనుకున్నాడు. సెలవు రోజున అరచెక్క నిమ్మకాయతో రుద్ది, నోరు కడక్కముందే దాని మీద పొడేసి బ్రష్షు కొట్టడం మొదలుపెట్టాడు. "చూడు, మెరుస్తున్నాయా లేదా?" అని చేతి అద్దం చూపిస్తే చిట్టి మెరుస్తున్నాయనే అనేది. నాన్న అడిగినప్పుడు ఏ కూతురు కాదంటుంది?

ముందు కనిపెట్టింది అత్తగారే. పిల్ల చల్లటి నీళ్ళు పుక్కిట పట్టి వెచ్చబడ్డాక మింగుతోంది. ఐస్‌క్రీమ్ కొనిస్తే కరిగి పాలయ్యేదాకా గిన్నె ముందు కాపలా కూర్చుంటోంది. చలిగాలికి చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుని నడుస్తోంది.

"చిట్టీ, మీ నాన్నగారితో చెప్పు, పిల్ల పళ్ళు జివ్వుమంటున్నాయిట. గచ్చు తోమినట్టు తోమితే జివ్వుమనక ఏమంటాయి?"

"మీ అమ్మమ్మతో చెప్పు, పక్కలో పడుకోబెట్టుకుని చీకట్లో చాక్లెట్లు మేపితే పళ్ళు జివ్వుమనక జోల పాడతాయా?"

అత్తగారి మంచం పక్కన చాక్లెట్ల డబ్బా ఉన్న మాట నిజమే. కథ చెప్పినంతసేపూ పిల్ల నోట్లో ఒకటి కరుగుతూ ఉండాలి, అది ఆవిడ పద్ధతి. చాక్లెట్టు అయిపోయేసరికి పిల్ల నిద్రపోయేది, నోట్లో తీపి మాత్రం తెల్లవార్లూ మేలుకుని ఉండేది.

ఒక పొద్దున చిట్టి బకెట్టెక్కి నోరు తెరవలేదు. మేస్త్రి బతిమాలాడు, కితకితలు పెట్టాడు, కోప్పడ్డాడు. ఊహూఁ. పెదాలు బిగించి తల అడ్డంగా ఊపింది. వరండాలోంచి అమ్మమ్మ "మీ నాన్నగారితో చెప్పు" అని మొదలుపెట్టింది. చిట్టి అటు తిరిగి కూడా అదే తల ఊపింది. ఆ పూటకి ఇంట్లో రాకపోకలు బందు.

సాయంత్రం మేస్త్రి పెళ్ళాం సంగతంతా విని నడుం బిగించింది. సాధారణంగా ఆవిడ నెమ్మది మనిషి. నెమ్మది మనుషులు తీర్పు చెబితే అప్పీలుండదు.

"రేపు ఇద్దరూ కలిసి దాన్ని పళ్ళ డాక్టరు దగ్గరికి తీసికెళ్ళండి. ఎవరి వల్లో ఆ డాక్టరమ్మే చెబుతుంది. అమ్మ వల్లయితే డబ్బా ఇల్లు దాటాలి. నీ వల్లయితే ఎల్లుండి నుంచి పళ్ళు తోమించేది అమ్మ. నువ్వు ఆ గదిలోకి అడుగు పెట్టకు."

మేస్త్రి లెక్క వేసుకున్నాడు. పొద్దుటి పూట పోతే ఇక మిగిలేదేముంది? నిద్రపోతున్న పిల్ల తల నిమరడమేగా. అందుకే ఆ రాత్రి మంచం కింద దూరి చాక్లెట్టు కాగితాలన్నీ ఏరి సంచిలో మూటగట్టాడు. ఎదిగిన మగవాడు అత్తగారి మంచం కింద పాకడం చూడముచ్చటగా ఏమీ ఉండదు. ఆవిడ మేలుకునే ఉందని, దుప్పట్లోంచి అంతా చూసిందని ఆయనకి తెలియదు, అది వేరే సంగతి.

డాక్టరు దగ్గర వరండా నిండా జనం. బల్ల మీద ఈ చివర అల్లుడు, ఆ చివర అత్తగారు, నడుమ మూతికి చేతిరుమాలు అడ్డం పెట్టుకుని చిట్టి. పిల్ల నోరు మూతపడింది కాబట్టి ఇద్దరూ గోడలతో మాట్లాడుకుంటున్నారు.

"కొంతమందికి చేతికి దొరికిందల్లా రాయే," అంది ఆవిడ ఎదురుగా ఉన్న దంతాల బొమ్మతో.

"కొంతమందికి పిల్లల ప్రేమంటే చక్కెరే," అన్నాడు ఆయన ఫ్యాన్‌తో.

పక్కనున్న పెద్దాయన దవడ నొప్పి మర్చిపోయి చెవి ఇటు పారేశాడు.

లోపల డాక్టరమ్మ పొద్దుట్నుంచీ పిల్లల ఏడుపులు విని విసిగి ఉంది. "ఏమైంది?" అని అడగడమే పాపం, మేస్త్రి సంచి బోర్లించాడు. బల్ల మీద రంగురంగుల కాగితాలు గుట్టపడ్డాయి. "చూడండి మేడమ్, ఇదీ అమ్మమ్మ ప్రేమ. పిల్లకి పళ్ళు మిగిలాయంటే మన అదృష్టం."

అత్తగారు తొణకలేదు. చేతిసంచిలోంచి రుమాలు తీసి మడత విప్పింది. అందులో జుట్టు విరబోసుకున్నట్టు పోచలన్నీ పక్కలకి పడిపోయిన బ్రష్షు, పిండేసిన నిమ్మచెక్క. రెంటినీ ఇనప పళ్ళెంలో పనిముట్ల పక్కన పెట్టింది.

మేస్త్రి నోరెళ్ళబెట్టాడు. తను మంచం కింద వెతికి వెళ్ళాక ఆవిడ స్నానాల గదిలో వెతికిందన్నమాట.

"ఇక్కడ కోర్టు పెట్టలేదు," అంది డాక్టరమ్మ. "పాపని కుర్చీలో కూర్చోబెట్టండి."

చిట్టి నోట్లో వెలుగు పడింది. డాక్టరమ్మ చిన్న గొట్టంతో ముందుపళ్ళ మీదికి చల్లగాలి ఊదింది. పిల్ల కుర్చీలోంచి ఒక్క ఎగురు ఎగిరి, చేతికందిన నాన్న వేలు పట్టుకుని పిసికేసింది. కళ్ళనిండా నీళ్ళు. రాయి మీద పడే వెలుగు గీతని చూసి తప్పు పట్టే మనిషి ఆ కళ్ళల్లోకి చూడలేక నేలవైపు తిరిగాడు.

"ఏ పొడితో తోముతారు? రోజుకెన్నిసార్లు? నిమ్మకాయ దేనికి?"

ఆయనకి నేల దొరికింది. కుర్చీ చుట్టూ, ఉమ్మే తొట్టి కింద పాలరాయి మసకబారి, బొల్లి సోకినట్టు తెల్లతెల్లగా పాలిపోయి ఉంది. పీకల మీదికొచ్చినవాడికి ఎదుటివాడి తప్పు ఎంత తియ్యగా ఉంటుందో చెప్పలేం. గొంతుక్కూర్చున్నాడు. వేలితో రాశాడు. తొట్టి కడుగుతున్న ఆయామీద విరుచుకుపడ్డాడు.

"ఏమమ్మా, యాసిడ్ పోశావా దీని మీద?"

"మరకలు పోవట్లేదని కొంచెం పోశానయ్యా," అంది ఆయా బెదిరిపోయి.

"పోసి?"

"పోసి, గట్టి బ్రష్షుతో..."

"రుద్దావు! నువ్వు రాయంటే ఏమనుకున్నావు? రోజుకో పది మందికి చెబుతుంటాను, పాలరాయి మీద పులుపు పడనివ్వకండిరా అని. నిమ్మరసం చుక్క పడినా పైపొర మెత్తబడిపోతుంది. అప్పుడు నీళ్ళు పోసి ఊరుకోవాలి. ముట్టుకోకూడదు. మెత్తబడ్డ దాని మీద పొడేసి బ్రష్షు పట్టి రుద్దితే మరకతో పాటు రాయి కూడా లేచి..."

ఆగిపోయాడు.

పళ్ళెంలో నిమ్మచెక్క ఆయన వైపే తిరిగి ఉంది.

"ఆపేశారేం? బాగా చెబుతున్నారు," అంది డాక్టరమ్మ. "లేచిపోయి?"

మేస్త్రి నేలమీదినుంచి లేవలేదు. అత్తగారు ఏదో ఒకటి అంటుందని మెడ లోపలికి లాక్కుని చూశాడు. చిట్టి నోరు తెరుచుకునే ఉంది, అందులో డాక్టరమ్మ అద్దం ఉంది, మాట మోసేవాళ్ళు లేరు. ఆవిడ నేరుగా అల్లుడి మొహంలోకి చూసింది, గుమ్మంలో ఆ మొదటి రోజు తర్వాత మళ్ళీ ఇదే చూడటం.

"అడుగుతున్నారు, చెప్పండి అల్లుడు గారూ," అంది.

"జివ్వుమంటుంది," అన్నాడు మేస్త్రి. రాయికి జివ్వుమనడం ఎక్కడుంది? అయినా ఎవరూ నవ్వలేదు.

డాక్టరమ్మ దయతలచలేదు. "పన్ను పైన గట్టి పొర ఉంటుంది. దాని కిందనుంచి నరం దాకా సన్నటి దారులుంటాయి. పొర అరిగితే చల్లదనం, తీపి, గాలి, అన్నీ ఆ దారుల్లోంచి దూరతాయి. ఈ పాపవి కొత్త పళ్ళు, పొర ఇంకా ముదరలేదు. మీరు చిగురు పక్కన గాడి పడేటట్టు తోమారు. మీ రాయికైతే మళ్ళీ మెరుగు పెడతారు. అరిగిన పన్ను పొర మళ్ళీ పెరగదు. ఉన్నదాన్ని కాపాడుకోవడమే."

అత్తగారి మొహం వెలిగింది. ఆ వెలుగు ఎక్కువసేపు ఉండనివ్వలేదు డాక్టరమ్మ.

"వెనక పన్నుకి పుప్పి మొదలైంది. ఇది అమ్మమ్మగారిది. మిగతావన్నీ నాన్నగారివి."

తర్వాత పిల్ల పళ్ళకి ఏదో పూత రాసింది. అది పొరని గట్టిపరుస్తుందట. ఆ రాత్రికి బ్రష్షు ముట్టుకోవద్దంది, పుప్పి పన్ను శుభ్రం చేసి నింపడానికి వచ్చే వారం రమ్మంది. పిల్లల మెత్తటి బ్రష్షు, బఠాణీ గింజంత మామూలు పిల్లల పేస్టు, పొడి వద్దు, తెల్లబరిచేవి వద్దు, పళ్ళు జివ్వుమంటే పెద్దలు వాడే పేస్టులు తనని అడక్కుండా వాడొద్దు. పుల్లటిది ఏదైనా తింటే నీళ్ళతో పుక్కిలించి అరగంట ఆగాకే తోమాలి. రాత్రి తోమాక నోట్లోకి నీళ్ళు తప్ప ఏదీ పోకూడదు. నొప్పి దానంతటదే పుట్టినా, చిగురు వాచినా వారం దాకా ఆగకుండా తీసుకురావాలి.

అంతటితో వదిలేస్తే మేస్త్రి పరువు కొంతయినా దక్కేది. డాక్టరమ్మ ప్లాస్టిక్ దవడ ఒకటి, కొత్త బ్రష్షు ఒకటి ఆయన చేతికిచ్చి, "వరండాలో కూర్చుని నేర్చుకోండి. చిగురు దగ్గర వాలుగా పెట్టి చిన్న చిన్న సున్నాలు చుట్టాలి. నేను చూసేదాకా వెళ్ళొద్దు" అంది. నిండు వరండాలో, అందరూ చూస్తుండగా, అద్దం మేస్త్రి ఒళ్ళో దవడ పెట్టుకుని తోమాడు. అలవాటైన చెయ్యి మాట వింటేగా? రెండు సున్నాలు చుట్టేసరికి మళ్ళీ రంపం మొదలైంది. ప్లాస్టిక్ పన్ను ఒకటి టక్కుమని ఊడి దొర్లుకుంటూ పోయి పెద్దాయన చెప్పు కింద దూరింది.

"నాది కాదు," అన్నాడు పెద్దాయన కంగారుగా దవడ తడుముకుని.

చిట్టి రుమాలు తీసేసి నవ్వింది. ఆ గాలి పళ్ళకి తగిలి మళ్ళీ మూసుకుంది.

ఇంటికెళ్ళాక మేస్త్రి పెళ్ళానికి సంగతంతా తనే చెప్పాడు, నిమ్మకాయతో సహా. ఆవిడ తల్లి మంచం పక్కనున్న డబ్బా తీసి పక్కింటికి పంపింది. కొత్త బ్రష్షు తల్లి చేతిలో పెట్టింది. "అనుకున్న మాటే," అంది.

డాక్టరమ్మ చెప్పినట్టు ఆ రాత్రి బ్రష్షు తియ్యలేదు. తెల్లవారి పెళ్ళాం షిఫ్టుకి వెళ్ళిపోయింది. మేస్త్రి వరండాలో బూట్లు తొడుక్కుంటున్నాడు. అలవాటుగా లేచి సగం దూరం వెళ్ళి గుర్తొచ్చి వెనక్కొచ్చాడు. ఎడమ బూటు కుడికాలికి తొడిగాడు, విప్పాడు. స్నానాల గదిలో బకెట్టు బోర్లించిన చప్పుడైంది. దాని మీద చిన్న పాదాలు ఎక్కిన చప్పుడైంది.

"చిట్టీ," అంది అత్తగారి గొంతు లోపల్నుంచి, కావలసినదానికంటే గట్టిగా. "మీ నాన్నగారితో చెప్పు, ఈ గది నేలకి ఎంత పొగరుగా మెరుగు పెట్టుకున్నారో. మోకాళ్ళ మీద కూర్చుందామంటే జారి నడుం విరిగేట్టుంది. నేనిక్కడ వంగలేను. చేసుకున్నవాళ్ళే వచ్చి వంగమను."

చిట్టి పరిగెత్తుకొచ్చి, మూతి మూడు వంకర్లూ తిప్పి, అక్షరం పొల్లుపోకుండా అప్పజెప్పింది. మొన్నట్నుంచి మూతపడ్డ ఉద్యోగంలో మళ్ళీ చేరింది. మేస్త్రి ఆ నేల మీద తనే రోజూ నీళ్ళతో నిలబడతాడు, ఎన్నడూ జారలేదు. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. ఒక కాలికే బూటుంది, విప్పి పారేసి లోపలికెళ్ళాడు.

అత్తగారు బ్రష్షు ఆయన చేతికివ్వలేదు. తొట్టి అంచుమీద పెట్టి, రెండడుగులు వెనక్కేసి గుమ్మానికి అడ్డంగా నిలబడింది, జైలు వార్డరులాగా. మేస్త్రి మోకాళ్ళ మీద కూర్చుని బఠాణీ గింజంత పేస్టు పిండాడు. ఎక్కువైందేమోనని కొంత తీసేశాడు. చిట్టి అనుమానంగా చూసి, కొంచెంగా, ఇంకొంచెంగా నోరు తెరిచింది. ఆయన ఊపిరి బిగబట్టి సున్నాలు చుట్టడం మొదలుపెట్టాడు.

కాసేపటికి చిట్టి నురగలోంచి కల చెప్పడం మొదలుపెట్టింది. "ఆహా, అట్లాగా, మరి నువ్వూరుకున్నావా?" అన్నాడాయన. ఆ సంబరంలో చెయ్యి మళ్ళీ అడ్డంగా జారింది.

పిల్ల నోరు ఖాళీగా లేదు. కబురు పంపే దారి లేదు. గుమ్మంలోంచి ఆవిడే అనాల్సొచ్చింది.

"చెయ్యి తేలిగ్గా, అల్లుడు గారూ. అలలు పడతాయి."

మేస్త్రి వెనక్కి తిరగలేదు. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి. "అలాగే అత్తయ్యా," అని మళ్ళీ చిగురు దగ్గరనుంచి సున్నా చుట్టాడు.